లానులో ఉభాలు

పెట్టె విప్పుతున్నారని తెలిసి నలుగురు ఆడవాళ్ళూ పళ్ళపారలు కింద పడేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. అందులో ఏముందో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. కానీ తోట యజమాని అల్లుడు మురళీమోహన్ దాన్ని కారులోంచి తన చేతులతో తనే మోసుకొచ్చాడంటే అది తమ మెడకు చుట్టుకునేదేనని వాళ్ళలో కుమారికి అనిపించింది. పనివాళ్ళకు మేలు చేసే వస్తువైతే ఆయన పనివాళ్ళ చేతే మోయించేవాడు.

లోపల రెండు ఇనప సామాన్లున్నాయి. ఒకటి మూరెడు పట్టీ. దాని రెండు కొసలకూ స్ప్రింగు తీగలు చేపముళ్ళలా పొడుచుకొచ్చి ఉన్నాయి. రెండోది పెద్ద దువ్వెనలాంటిది, పళ్ళన్నీ స్ప్రింగులే. కుమారి మొగుడు అప్పలసూరి గొంతుక్కూర్చుని రెండింటినీ తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఆ తోటలో గడ్డి కోసే మిషను నడిపేది అతనే.

"ఇది కింద బిగించేది," అన్నాడు మురళీమోహన్. "బ్లేడు తీసి దీన్ని పెడితే, తిరుగుతూ గడ్డిని గోకి, అడుగునున్న తుక్కంతా పైకి లాగేస్తుంది. ఆ రెండోది ముందు తగిలించేది. మెల్లిగా దువ్వుకుంటూ పోతుంది."

"దువ్వడానికేటి బాబూ, గడ్డికి పేలు పట్టినాయేటి?" అంది ఝాన్సీ.

ఆడవాళ్ళు నవ్వారు. అప్పలసూరి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

"నవ్వండి. మీ నలుగురూ నెల్లాళ్ళు కూర్చుని గోకే పని ఇది ఒక్క పూటలో చేస్తుంది," అన్నాడు మురళీమోహన్.

ఆ మాటతో నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందరికంటే పెద్దది సూరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, "మరైతే మాకేటి పని?" అంది. ఆయన వినిపించుకోలేదు. ఫోన్‌లో వీడియో పెట్టి అప్పలసూరికి చూపిస్తున్నాడు.

శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస పోయే రోడ్డు పక్కన, వరిమళ్ళ మధ్యలో ఉంటుంది పద్మకుమారి గార్డెన్స్. పెళ్ళిళ్ళకీ రిసెప్షన్లకీ అద్దెకిచ్చే తోట. యజమాని నరసింగరావు తన భార్య పేరు పెట్టుకున్నాడు. స్టేజీ ముందు పరుచుకున్న లాను చూసే జనం అడ్వాన్సు ఇచ్చి పోతారు. కడియం నుంచి లారీలో గడ్డి పలకలుగా వస్తే, పలకలు పలకలుగా పరిస్తే చాలదని నరసింగరావు వాటిని చీల్పించి, కుమారి చేతా ఊరి ఆడవాళ్ళ చేతా పోచ పోచ నాటించాడు. వరి ఉభాలు, అంటే నాట్లు, ఎలా వేస్తారో అలాగే, వంగి, వెనక్కి నడుస్తూ నాటారు. నాట్లయ్యాక వాళ్ళలో ఈ నలుగురిని ఉంచుకున్నాడు.

ఇప్పుడా గడ్డికి జబ్బు చేసింది. పైకి పచ్చగానే ఉంటుంది. వేళ్ళతో విడదీసి చూస్తే అడుగున చచ్చిన కాడలూ వేళ్ళూ పేరుకుపోయి రెండు వేళ్ళ మందాన గోధుమరంగు తుక్కు. అడుగేస్తే పరుపు మీద నడిచినట్టు కాలు దిగుతుంది. నీళ్ళు పెడితే మట్టిలోకి ఇంకకుండా పక్కకి జారిపోతాయి. అక్కడక్కడ తామర లేచినట్టు పసుప్పచ్చ మచ్చలు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కనక ఆ నెలంతా ఆడవాళ్ళు వరసగా కూర్చుని పళ్ళపారలతో తుక్కు గోకుతున్నారు. పని సాగదు. సాగకపోవడమే వాళ్ళ అన్నం.

ఆ సాయంత్రం ఇంట్లో చోడి అంబలి ముందు పెట్టుకుని అప్పలసూరి ఒకటే చెప్పుకుపోయాడు.

"మా అయ్య ఎదజల్లిన వరికి ఎడ్లెట్టి పళ్ళ దంతె తోలీవోడు గేపకముందా? మోకాలెత్తు లేసిన సేను. నీరు కట్టి మద్దిలోంచి దంతె తోలీసినాడంటే సూసినోలికి గుండె పగిలిపోనాది. సేనంతా తొక్కీసినట్టు పడిపోయీది. వారం తిరిగీసరికి దుబ్బు కట్టి లేసీది. ఇదీ అంతేనే. దంతే. ఇంజినెట్టినారంతే."

"మరి మా పనేటి మావా?"

"నాకేటి తెల్సు? నడపమన్నారు, నడుపుతాను."

"ఆ ముగ్గుర్నీ పన్లోకి పిలిసింది నాను."

అప్పలసూరి గిన్నె అడుగు నాక్కున్నాడు. "పిలిసిందానివి నువ్వయితే తీసీసీది నానా?" అని, లేచి చెయ్యి కడుక్కుని, లానుకు నీరు వదలడానికి తోటకు వెళ్ళాడు. వాల్వు పూర్తిగా తిప్పాడు. నీళ్ళు నిండి, గడ్డి మొదళ్ళు మునిగి, ఆకాశం అందులో కనపడేదాకా ఉంచాడు. వెంట వచ్చిన కుమారి గట్టు మీద నిలబడి చూసింది. ఆమెకూ అది తప్పనిపించలేదు. వరి ఎరిగినవాళ్ళకు ఎవరికీ అనిపించదు. నీరు కట్టకుండా దంతె తోలేవాడు ఎక్కడుంటాడు?

తెల్లారి మిషను బోర్లా తిప్పి, బ్లేడు నట్టు విప్పి, స్ప్రింగుల పట్టీ బిగించారు. ముందు తగిలించే దువ్వెన చాలేమోనని అప్పలసూరి గొణిగాడు గానీ మురళీమోహన్ వినలేదు. చక్రాలు కిందికి దించమన్నాడు. దించాక ఇంకొంచెం దించమన్నాడు.

మిషను కదిలేసరికి గడ్డిలోంచి గోధుమరంగు తుక్కు ఫౌంటెను లేచినట్టు లేచింది. దాని వెనక నేల మీద పాయ తీసినట్టు చారలు పడ్డాయి. ఒక్క సాలుకే గంపెడు తుక్కు. ఆడవాళ్ళు వెనకే నడుస్తూ పోగులు చేస్తున్నారు. పొద్దెక్కేసరికి లాను నిండా కుప్పలే, కళ్ళంలా ఉంది. నరసింగరావు వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి, ఒక కుప్పను కాలితో కదిపి చూశాడు.

"ఓర్నీ! ఇంత సెత్త మీదేట్రా మనం పెళ్ళిళ్ళు సేసింది?" అన్నాడు. నోరారా నవ్వాడు. అల్లుడి భుజం తట్టాడు. అప్పలసూరి వైపు చూసి కూడా తల ఊపాడు. అప్పలసూరి మిషను పిడి మీద చేతులు బిగించి, ఆ తల ఊపు తన ఒక్కడి కోసమే అయినట్టు, మరింత నిటారుగా తోసుకుంటూ పోయాడు.

కుమారి ఒక కుప్పలో చెయ్యి పెట్టి చూసింది. పైన తుక్కే. అడుగున పచ్చపోచలు, తెల్లటి వేళ్ళతో సహా. గుప్పెడు తీసుకుని మిషనుకి అడ్డంగా వెళ్ళింది.

"మావా, వేళ్ళొచ్చేస్తన్నాయి."

"ఆఁ?"

"వేళ్ళు! పచ్చిది కూడా ఊడొచ్చేస్తంది!"

అప్పలసూరి ఇంజను ఆపలేదు. "దంతె తోల్తే కొన్ని దుబ్బులు పోవేటి? తప్పుకో," అని అరిచి, ఆమెను చుట్టి ముందుకు పోయాడు. కుమారి గుప్పెడూ అలాగే పట్టుకుని నిలబడింది. మొగుడు తనను తప్పుకోమనడం కొత్త కాదు. అంత గొంతెత్తి, నలుగురి ముందూ, సంతోషంగా అనడం కొత్త.

కుప్పలన్నీ గోడవతలకి ఎత్తేశాక నరసింగరావు ఆడవాళ్ళని పిలిచాడు. "రేపట్నుంచి ఉభాలకెల్లిపోండే. బయట కూలి బాగా ఇస్తన్నారు గదా. మల్ల అవసరమైతే కబురెడతాను." మంచి కబురు చెప్పినట్టే చెప్పాడు.

ఉభాలు ఎన్నాళ్ళ ముచ్చట? మళ్ళు పచ్చబడేదాకా. ఆ తరవాత కోతలదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఆ సంగతి నరసింగరావుకు తెలుసు, ఆడవాళ్ళకూ తెలుసు. విశాలి, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, గంప దులిపి బోర్లించింది. సూరమ్మ తన పళ్ళపారను గోడకి చేరవేసి, పడిపోతే మళ్ళీ చేరవేసింది. గేటు దాటాక ఝాన్సీ వెనక్కి తిరిగింది.

"నీకేటొదినా. ఒక సెయ్యి నరికీసినా ఇంట్లో రెండో సెయ్యున్నాది. మిషను సెయ్యి."

కుమారి గేటు గొళ్ళెం పెట్టింది. ఏం చెప్పినా ఝాన్సీ నోటి ముందు నిలిచేది కాదు.

ఆ రాత్రి పడుతుందనుకున్న వాన పడలేదు. తెల్లారి ఎండ కాసింది. ఆషాఢం ఎండ మబ్బు చాటున దాక్కుని దాక్కుని వచ్చి కాస్తుంది, దాచుకున్నదంతా ఒక్కసారే తీరుస్తుంది. మధ్యాహ్నానికి లాను రంగు మారింది. సాయంత్రానికి మసిబట్ట పరిచినట్టుంది. నీరు నిలిచి మెత్తబడ్డ మట్టి వేళ్ళ పట్టు వదిలేసింది, స్ప్రింగులు తుక్కుతో పాటు గడ్డినీ గుంజేశాయి. మిగిలిన పోచలు వేళ్ళు బయటపడి, ఎండకి వడిలి, పడుకున్నాయి. స్టేజీ ముందు, ఫోటోలు తీసుకునే చోట, పచ్చ అన్నది లేదు.

నరసింగరావు గట్టు మీద నిలబడ్డాడు. ఈసారి చెప్పులు విప్పలేదు.

"నీరెవులు కట్టినారు?"

"నానే బాబూ," అన్నాడు అప్పలసూరి. "దంతె తోలీ ముందు..."

"నేను కట్టమన్నానా?" అన్నాడు మురళీమోహన్. "కొంచెం తేమ ఉండాలని వీడియోలో చెప్పాడు. తేమ అంటే తేమ. వీడు మడి కట్టేశాడు మావయ్యా."

మిషను షెడ్డులోనే ఉంది. దాన్ని ఒక్కరూ ఏమీ అనలేదు. చక్రాలు దించమన్నవాడిని అంతకంటే అనలేదు. ఇంట్లో అల్లుడు, షెడ్డులో ఇనుము, ఈ రెంటికీ తప్పులుండవు.

"శ్రావణంలో మొదటి ముహూర్తం పాతపట్నం ఆలది," అన్నాడు నరసింగరావు. "లాను సూసే ఇచ్చినారు అడ్వాన్సు. ఆనాటికి పచ్చగా ఉంటే నువ్వుంటావు. నేదా, షెడ్డు తాళం అక్కడెట్టి ఎల్లిపో."

అప్పలసూరి తల దించుకుని కాలి బొటనవేలితో ఆ ఎండు గడ్డిని గీస్తున్నాడు. కుమారి మొగుడి వేలు చూసింది. నిన్న మిషను మీద నిటారుగా ఉన్న మనిషి ఇతనేనా అనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాటితే లేస్తాది బాబూ. ఊడిన గడ్డి గోడవతల ఉన్నాది. ఇంకా సావలేదు."

"ఎవులు నాటతారే? ఉభాల రోజులు. ఊళ్ళో ఆడమనిషన్నది దొరకతందా?"

"మమ్మల్నే గదా మీరు పంపీసినారు."

నరసింగరావు ఆమెను పరకాయించి చూశాడు. "రమ్మను మరి."

"ఉట్టినే రమ్మంటే రారు. గడ్డి లేస్తే మా నలుగురం ఇక్కడే ఉండాల. మిషనున్నా ఉండాల. ఆ మాట మీరు సెప్పాల, నాను ఆలకి సెప్పాల."

మురళీమోహన్ ఏదో అనబోయాడు. నరసింగరావు చెయ్యెత్తి ఆపాడు. "గడ్డి లేవనీ. మీ నలుగురూ ఇక్కడే. నా మాటే."

ఊరి రైతు సూరయ్య మడిలో ఉన్నారు ముగ్గురూ. ఊరి ఆడవాళ్ళ వరసలో వంగి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి దోపుకుని నాటుతున్నారు. కుమారి గట్టు మీద నిలబడి సంగతంతా చెప్పింది. ఝాన్సీ నడుం ఎత్తకుండానే విన్నది.

"మొగుడు పీకినాడు, పెళ్ళాం నాటతాది. మద్దిన మేమెందుకే?"

"బాబు మాటిచ్చినాడు. నలుగురికీని."

"మాటకేటి, అదీ గడ్డే. కోసిన కొద్దీ మొలస్తాది."

వరసలో నవ్వులు లేచాయి. అవతలి గట్టు మీదున్న సూరయ్యకు వ్యవహారం అర్థమైంది. "ఒలే, ఉభాలు మద్దిలో ఒగ్గీసి ఎల్లిపోనారంటే మల్ల నా మళ్ళోకి రానీను సూడండి. ఈ ఏడే కాదు, మీదటేడు కూడా," అన్నాడు. ఊరికే బెదిరించే మనిషి కాదు. అతను వద్దంటే అతని అన్నదమ్ముల మళ్ళలోకీ పిలుపుండదు.

ఎవరూ కదల్లేదు. కుమారి ఇంక తిరిగిపోదామనుకుంటుండగా సూరమ్మ చేతిలోని నారు పక్కదాని చేతికిచ్చి గట్టెక్కింది. కాలవలో కాళ్ళు కడుక్కుంటూ, నడుం రెండు చేతులా నొక్కుకుంటూ, "తోటలోది కూకుని సేసే పని. ఈ నడుం ఇంక మీదటేడికి వొంగదు. వొంగనోలిని సూరయ్య ఎలాగా పిలవడు," అంది. తరవాత విశాలి వచ్చింది. ఝాన్సీ వరస పూర్తిచేసి, చివరి మొక్క గుచ్చి, అప్పుడొచ్చింది.

"మాట తేడా వస్తే మాత్రం బాబునడగనొదినా," అంది దారిలో. "నిన్నడుగుతాను."

"నన్నే అడుగు."

గోడవతల కుప్పల్ని విప్పారు. పైది ఎండి పొట్టయింది. లోపల తడి నిలిచి ఇంకా పచ్చగా ఉంది. విశాలి తుక్కులోంచి పోచలు ఏరి తడి గోనె మీద వేస్తుంటే, అప్పలసూరి వాటిని నారుకట్టల్లా కట్టి మోసుకొచ్చి వేస్తున్నాడు. మళ్ళలో నారు మోసేది మగవాళ్ళే కనక ఆ పని అతనికి నామర్దా అనిపించలేదు. పైగా రెండు రోజుల తరవాత అతనికి చేతుల్లో ఏదో ఒకటుంది.

"నారందించు బావా, నారు! మిషనొస్తే గానీ కదలవేటి?" అంటుంది ఝాన్సీ.

"అదిగో, నీ ఎనకాలే ఉన్నాది. కళ్ళెక్కడెట్టుకున్నావు?"

"నీ మిషన్లో పడిపోనాయి బావా. పీకీసినాది."

నేలను వేలితో గుచ్చడం, పోచ పెట్టడం, అరచేత్తో నొక్కడం, కూర్చున్న చోటినుంచే వెనక్కి జరగడం. ఎవరి చెయ్యి వారిది. ఝాన్సీ చెయ్యి చురుకు, ఒక్కో పోచ పెట్టి జానెడు దూరం వదిలేస్తుంది. కుమారివి లెక్కగా ఉంటాయి, తాడు పట్టినట్టు. సూరమ్మ మాత్రం చిటికెడు పట్టుకుని మూడూ నాలుగూ కలిపి ఒత్తుగా పెడుతుంది, వరినాట్లకి కూడా ఆమెను అందుకే తిట్టేవారు. "నారు తినీస్తన్నావే పెద్దమ్మా," అంది ఝాన్సీ. "ఒంటరిగా ఏదీ బతకదే గుంటా," అంది సూరమ్మ. స్టేజీ ముందు భాగం ఆమెదే అయింది. నీడ అక్కడుందని.

మబ్బులు పట్టాయి. తుంపరలు పడ్డాయి. రోడ్డు మీద పోయే ఆటోల్లోంచి జనం తొంగి చూసి, ఫంక్షను తోటలో ఉభాలేమిటని వింతపడ్డారు. నాలుగు వైపులా మళ్ళలో ఊరంతా వంగి నాటుతోంది. మధ్యలో వీళ్ళు నలుగురూ తినడానికి పనికిరానిదాన్ని నాటుతున్నారు.

ఆఖరి వరస అవుతుండగా నరసింగరావు వచ్చాడు. ఝాన్సీ లేచి గడ్డి పోచలు పిడికెడు తీసుకెళ్ళి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. ఉభాల చివరి రోజున ఆసామి గట్టు మీదకొస్తే ఆడవాళ్ళు నారు పెట్టి దారి కడతారు. ఏదో ఒకటి ఈనాం ఇచ్చి దాటాలి. ఇవ్వకుండా దాన్ని తొక్కరు, దాటరు.

"దారి కట్టినాం బాబూ," అంది ఝాన్సీ, నడుం మీద చేతులేసుకుని.

మురళీమోహన్ అర్థం కాక మామగారి వైపు చూశాడు. నరసింగరావు కాపు కుటుంబంలో పుట్టినవాడు, తన చిన్నప్పుడు తండ్రి కాళ్ళ ముందు ఎన్ని నారుకట్టలు చూశాడో. నవ్వాడు. "ఒలే, శ్రావణం రానీండే. అన్నీ ఒక్కసారే," అన్నాడు. అని, ఆ పిడికెడు గడ్డిని తొక్కకుండా, దాటకుండా, వెనక్కి తిరిగి, లాను అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళిపోయాడు.

ఝాన్సీ వంగింది. ఆ పిడికెడూ తీసి విశాలి చేతికిచ్చింది. "నాటీయే. ఉత్తినే పోద్దేటి?"

గడ్డి నాటుకుంది. కొత్త ఆకు సూదిమొనలా వచ్చింది. కానీ నాటుకోవడం వేరు, పచ్చబడటం వేరు. ముహూర్తం దగ్గరపడేసరికి లాను జుట్టు మొలుస్తున్న గుండులా ఉంది, మధ్యలో మట్టి కనపడుతోంది. ఇంకొక్క పక్షం ఆగితే చాలని కుమారి అంది. ముహూర్తానికి ఆగడం తెలియదు.

పెళ్ళికి ముందు రోజు లారీ వచ్చింది. అందులోంచి చాపల్లా చుట్టిన చుట్టలు దించారు. విప్పితే పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. ఎండుపోచ లేదు, మచ్చ లేదు. ఒకే ఎత్తు, ఒకే రంగు, మధ్యలో నిజమని నమ్మించడానికి అక్కడక్కడ గోధుమరంగు పోగులు కూడా కలిపాడు తయారుచేసినవాడు. వీళ్ళు ఏ తుక్కు తియ్యడానికి ఇంత పడ్డారో దాన్ని వాడు కావాలని కుట్టాడు.

"కింద గడ్డికి ఊపిరాడదు బాబూ," అంది కుమారి.

"రెండు రోజులే. పెళ్ళయ్యాక చుట్టేస్తాం. ఆ చివర పట్టుకో," అన్నాడు మురళీమోహన్.

చుట్ట బరువుగా ఉంది. నలుగురు ఆడవాళ్ళూ చెరో పక్కా పట్టి, అప్పలసూరి తోస్తుంటే, తాము నాటిన వరసల మీదుగా వెనక్కి వెనక్కి నడుస్తూ దాన్ని పరుచుకుంటూ పోయారు. తొలిసారి నాటినప్పటి నడకే.

పాతపట్నం వాళ్ళ పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికొడుకు మేనమామట, ఒకాయన బూటు తీసి మేజోడు కాలితో ఆ గడ్డిని రాసి చూసి, "ఎంత బాగా పెంచినారండీ!" అన్నాడు. నరసింగరావు మెచ్చుకోలు వద్దనలేదు. ఆ తరవాత వరసగా ముహూర్తాలు. చుట్టలు చుట్టడం కుదరలేదు. తరవాత అంచుల వెంబడి మేకులు కొట్టారు, జనం కాళ్ళకి తట్టుకుంటోందని. నీరు పెట్టక్కర్లేదు. కొయ్యక్కర్లేదు. గోకక్కర్లేదు. ఎవరూ ఆ సంగతి నిర్ణయించినట్టు లేదు, దానంతటదే అయింది.

కుమారి ఒక పొద్దున నరసింగరావు ముందు నిలబడింది. ఇద్దరు ముగ్గురు వినేట్టే అడిగింది.

"గడ్డి లేస్తే నలుగురం ఉంటామన్నారు."

"అన్నాను. లేసినాదా మరి? ఏదీ, సూపించు."

"మేకులు పీకి ఎత్తండి. సూపిస్తాను."

"మేకులు కొట్టింది పీకడానికేటే?" అన్నాడాయన. కోపంగా కాదు. వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా. "ఈ ప్లాస్టిక్కి రోజూ ఊడవాల. ఒక మనిషి సాలు. నువ్వుండు. మీ ఆయన్ని మిల్లులో బస్తాలకెట్టించమంటే సెప్తాను. మిషను బేరానికెట్టినాను."

కుమారి వద్దనొచ్చు. వద్దంటే ఉభాలు అయిపోయాయి, ఊళ్ళో పనిలేదు. సూరయ్య దారిలో ఎదురైనా మొహం తిప్పుకుని పోతున్నాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయే దారి మార్చుకుంది. ఝాన్సీ ఇంటి ముందు నుంచి కాకుండా కాలవ గట్టు మీదుగా పోయింది. మర్నాడు మళ్ళీ అదే దారిన పనిలోకి వచ్చి, చీపురు పట్టింది.

అప్పలసూరి ఆఖరిసారి మిషనుకు ఆయిలు తుడిచి, స్ప్రింగుల పట్టీ విప్పి, పాత బ్లేడు బిగించాడు. కొనేవాడు బ్లేడే చూస్తాడని. ముందు తగిలించే దువ్వెన అట్టపెట్టెలోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. "ఇది తగిలించి ఉంటే..." అని, మిగతాది మింగేసి, ఆమదాలవలస మిల్లుకు వెళ్ళే ఆటో ఎక్కాడు.

దాచాలనుకున్న సంగతి ఝాన్సీకి తెలియకపోతుందా? ఒకరోజు గేటు ముందు సైకిలాపి నిలబడింది. అడుగుతానన్న మనిషి అడగలేదు. "ఏటొదినా, ప్లాస్టిక్కి నీళ్ళెడతన్నావేటి?" అని మాత్రం అంది. కుమారి చీపురు ఆపింది. ఆమె తల ఎత్తేసరికి ఝాన్సీ తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ప్లాస్టిక్ గడ్డిని ఊడవడం తేలిక కాదు. అక్షింతలు పోచల మధ్యకి దిగిపోతాయి. పూలరేకులు అతుక్కుంటాయి. చీపురు ఎదురు ఊడిస్తే గానీ రావు. ఆ పొద్దున కుమారి స్టేజీ దగ్గర ఎదురు ఊడుస్తుంటే మురళీమోహన్ వచ్చి, రెండు పలకలు అతికిన గీతను బూటుతో చూపించాడు.

"అక్కడ గడ్డి మొలుస్తోంది చూడు. జాయింటు ఎత్తేస్తోంది. పీకెయ్."

చూసింది. అతుకు పొడుగునా వరసగా పచ్చటి మొనలు. పైనున్న పచ్చ కంటే ఒక పిసరు తక్కువ పచ్చ, లేత. వెలుగు ఎక్కడ సందు దొరికితే అక్కడికి వచ్చేశాయి. కుమారి గొంతుక్కూర్చుంది. వేళ్ళు అలవాటుగా అడుగుకి పోయాయి. ఒకసారి లాగితే రాలేదు. రెండోసారి మెలితిప్పి లాగితే వచ్చింది, తెల్లటి వేరు, వేరుకి మట్టి.

"ఒలే కుమారీ."

సూరమ్మ. గేటు పట్టుకుని నిలబడింది. రేషనుకొచ్చిందో ఏమో, చంకలో సంచీ. లోపలికి రాలేదు.

"మన గడ్డి లేసినాదేటే?"

కుమారి లేచి గేటు దగ్గరికెళ్ళింది. చేతిలోది దాచడానికి చోటు లేదు. దాచలేదు. చాచింది.

"లేసినాది పెద్దమ్మా."

సూరమ్మ దాన్ని తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. మట్టి దులిపి, వేళ్ళు విడదీసి, మొదట్లో పోచలు గోటితో వేరుచేసి చూసింది.

"మూడున్నాయి. ఇది నా సెయ్యే," అంది.

నరసింగరావు మాట అడగలేదు, కుమారి మాట అంతకంటే అడగలేదు. ఆ పోచల్ని రేషను సంచీలో బియ్యం మీద పడేసుకుని, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, రోడ్డు దాటింది.

కుమారి వెనక్కి వచ్చి అతుకు ముందు కూర్చుంది. స్టేజీ ముందు ఆ వరసంతా ముసలిదాని చెయ్యే. ఒత్తుగా ఉంది. పీకడానికి పొద్దుగూకేదాకా పట్టింది.